వేలిముద్ర పడకపోతే తప్పెవరిది?

2022లో హైదరాబాద్ శివారు ఘట్‌కేసర్ దగ్గర రాచకొండ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. ప్రధాన నిందితుడు కడప ప్రాంతంలో ఎక్స్‌రే పని చేసేవాడు. అతనికి తోడుగా ఉన్నది ఆపరేషన్ గదిలో మత్తుమందు విభాగం సహాయకుడు. వీళ్లు చేసింది వేళ్లకు ఆపరేషన్లు. వేలి కొసన చర్మం కోసి, కింది కణజాలం కొంత తీసేసి, మళ్లీ కుట్టేసేవారు. మనిషికి 25 వేల రూపాయలు. చేయించుకున్నవాళ్లు కువైట్ నుంచి వెనక్కి పంపేసిన వలస కూలీలు. అక్కడి విమానాశ్రయంలో వేలు పెట్టగానే పాత రికార్డు బయటపడుతుంది. అందుకని గాయం మానాక, మారిన ముద్రలతో ఆధార్ వివరాలు సవరించుకుని మళ్లీ వీసాకు దరఖాస్తు చేసేవారు. పొట్టకూటి కోసం సొంత వేళ్లను కోయించుకోవడానికి మనుషులు ఎందుకు సిద్ధపడ్డారని అడక్కుండా, దాన్ని మనం నేరవార్తగా చదివి వదిలేశాం.

ముద్రలు చెరిగిపోవడానికి కత్తి అవసరమే లేని మనుషులు మన మధ్య చాలామంది ఉన్నారు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో రోజంతా తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టే బీడీ కార్మికులున్నారు. పలాసలో జీడిగింజలు పగలగొట్టేటప్పుడు కారే రసానికి చేతులు నల్లబడి, తోలు ఊడే ఆడవాళ్లున్నారు. గుంటూరు చుట్టుపక్కల మిర్చి తొడిమలు తీసే కూలీలు, రాళ్లు కొట్టేవాళ్లు, సిమెంటు కలిపేవాళ్లు, కుష్ఠు నయమైనా వేళ్లు దక్కనివాళ్లు ఉన్నారు. వయసు మీద పడితే ఏ పనీ చేయకపోయినా చర్మం పొడిబారి గీతల లోతు తగ్గుతుంది. నెలనెలా రేషన్ దుకాణంలో ఈ-పోస్ యంత్రం ముందు నిలబడేది ఎక్కువగా ఇలాంటివాళ్లే. ‘వేలు పడట్లేదమ్మా, కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టు’, ‘ఈ వేలొద్దు, ఆ వేలు పెట్టు’, ‘సర్వర్ లేదు, రేపు రా’ అనే మాటలు పడేదీ వీళ్లే.

బయోమెట్రిక్ గుర్తింపు మీద మన దగ్గర వాదన జరిగినప్పుడల్లా ఒక పక్షం దొంగలను ఏరిపారేసే సాధనమంటుంది, ఇంకో పక్షం నిఘా రాజ్యమంటుంది. రెంటిలోనూ నిజం ఉంది. అయితే వాటికంటే ముందు తేలాల్సిన ప్రశ్న ఒకటుంది. ఎదురుగా ఉన్న మనిషిని యంత్రం ‘ఈమె ఆమె కాదు’ అని తేల్చినప్పుడు, ఆ తీర్పు తప్పయితే, నష్టం ఎవరు మోయాలి? ఇప్పటిదాకా మోస్తున్నది కౌంటరుకు ఇవతల నిలబడ్డ మనిషి. ఈ ఏర్పాటు మారనంత వరకు ఎంత మేలురకం స్కానర్ కొన్నా జరిగే అన్యాయం జరుగుతూనే ఉంటుందన్నది నా వాదన.

యంత్రం చేసే పనేమిటో తెలిస్తే ఈ వాదన ఎందుకో అర్థమవుతుంది. వేలి గీతలు తల్లి కడుపులో ఆరో నెల దాటకముందే ఏర్పడతాయి, కవల పిల్లలకు కూడా ఒకేలా ఉండవు. అంతవరకు తిరుగులేని నిజం. స్కానర్ వేలి బొమ్మ తీసి, అందులో గీత ఆగిపోయే చోట్లు, రెండుగా చీలే చోట్లు వెతికి, వాటి స్థానాలను అంకెలుగా రాసుకుంటుంది. మరోసారి వేలు పెట్టినప్పుడు కొత్త అంకెలను పాత అంకెలతో పోల్చి ఎంత దగ్గరగా ఉన్నాయో మార్కులు వేస్తుంది. ఒకే మనిషి ఒకే వేలు రెండుసార్లు పెట్టినా ఒత్తిడి, తడి, వంపు మారతాయి కాబట్టి నూటికి నూరు ఎప్పుడూ రావు. ఎన్ని మార్కులు వస్తే ‘అవును’ అనాలో ముందే ఒక హద్దు పెట్టి ఉంచుతారు. హద్దు పెంచితే అసలు మనిషి వెనక్కి పోతాడు, తగ్గిస్తే దొంగ లోపలికొస్తాడు. రెండు తప్పులనూ ఒకేసారి సున్నా చేసే హద్దు లేదు. ఎవరికి జరిగే తప్పును మనం ఎక్కువగా సహిస్తామన్నది ఇంజినీరు ఒక్కడి లెక్కతో తేలదు, పాలకులు తీసుకునే నిర్ణయం అది.

కనుపాప వేలికంటే నిలకడైనది. కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త జాన్ డాగ్‌మన్ 1990ల తొలినాళ్లలో కనుపాప గీతలను 2,048 బిట్ల సంకేతంగా మార్చే పద్ధతి కనిపెట్టాడు. పనిపాటల్లో అది అరగదు. కానీ ముసలికళ్లలో శుక్లాలుంటాయి, రెప్పలు వాలతాయి, చౌకరకం కెమెరా ముందు కన్ను నిలపడం కష్టమవుతుంది. ముఖానికి వెలుతురు, వయసు, కెమెరా కోణం అన్నీ అడ్డే.

నిపుణులు దగ్గరుండి చూసినా పొరపాట్లు జరుగుతాయి. 2004లో మాడ్రిడ్ రైలు పేలుళ్ల కేసులో దొరికిన వేలిముద్ర ఓరెగన్‌లోని ఒక న్యాయవాదిదేనని అమెరికా ఎఫ్‌బీఐ నిపుణులు తేల్చి ఆయన్ను నిర్బంధించారు. అది వేరే మనిషిదని స్పెయిన్ పోలీసులు నిరూపించారు. ఎఫ్‌బీఐ క్షమాపణ చెప్పింది, 2006లో అమెరికా ప్రభుత్వం ఆయనకు 20 లక్షల డాలర్లు చెల్లించింది. పొరపాటు చేసిన వ్యవస్థే దానికి మూల్యం చెల్లించింది.

వేలిముద్రల పాలన పుట్టింది మన గడ్డ మీదే. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే ఆంగ్లేయ అధికారి ఒక కాంట్రాక్టరు మాట తప్పకుండా ఒప్పందం మీద చెయ్యి ముద్ర వేయించుకున్నాడు. 1877లో హుగ్లీ మేజిస్ట్రేటుగా ఉన్నప్పుడు దాన్నే పింఛన్ల చెల్లింపుకు, దస్తావేజుల రిజిస్ట్రేషన్‌కు, జైలుకు విస్తరించాడు. చనిపోయిన పింఛనుదారు పేరున వేరొకరు డబ్బు తీసుకోకుండా, దస్తావేజు నాది కాదని ఎవరూ బుకాయించకుండా చూడటం అతని ఉద్దేశం. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. అక్కడ లక్షల ముద్రల్లోంచి కావలసినదాన్ని వెతికే వర్గీకరణను తీర్చిదిద్దినవాళ్లు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. ఆ పద్ధతికి పేరు మాత్రం వాళ్ల పైఅధికారి ఎడ్వర్డ్ హెన్రీది. నూట యాభై ఏళ్లు కావస్తున్నా పింఛను, రిజిస్ట్రేషన్, జైలు ఈ మూడింటి చుట్టూనే కథ తిరుగుతోంది. ప్రజలు అబద్ధమాడతారన్న అనుమానం ఆనాటి పాలనకు పునాది. స్వతంత్ర దేశంలో ఆ అనుమానాన్ని యథాతథంగా కొనసాగించాలా అన్న చర్చ మనం సరిగా చేయనేలేదు.

ఈలోగా బయోమెట్రిక్ మన దినచర్యలోకి వచ్చేసింది. ఈఏపీసెట్ రాసే పిల్లలకు చేతులకు గోరింటాకు పెట్టుకుని రావొద్దని హాల్‌టికెట్ మీదే సూచనలుంటాయి. తిరుమలలో 2023 మార్చి నుంచి గదుల కేటాయింపుకు ముఖ గుర్తింపు వాడుతున్నారు. హైదరాబాద్, విజయవాడ విమానాశ్రయాల్లో ముఖం చూపించి లోపలికెళ్లే డిజియాత్ర ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధ్యాయులు, ఉద్యోగులు ముఖం చూపించి హాజరు వేసుకుంటున్నారు. వీటిలో మనిషికి నిజంగా మేలు చేసినవీ ఉన్నాయి. ఏటా బతికే ఉన్నామని చెప్పుకోవడానికి ట్రెజరీ మెట్లెక్కే పింఛనుదారులకు 2014లో మొదలైన జీవన్ ప్రమాణ్, 2019లో తెలంగాణ తెచ్చిన సెల్ఫీ పద్ధతి పెద్ద ఉపశమనం. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో ముఖం చూపిస్తే పని అయిపోతుంది, కాకపోతే ఎప్పటిలా కాగితం తీసుకుని వెళ్లొచ్చు. మేలు అంతా ఆ రెండో దారి మూసేయకపోవడంలోనే ఉంది.

ఆ రెండో దారి మూసుకుపోయే చోటు బియ్యం దగ్గర మొదలవుతుంది. 2016-17 ఆర్థిక సర్వే ఆధార్ ధ్రువీకరణ వైఫల్యాల అంచనాలను పేర్కొంది. జార్ఖండ్‌లో 49 శాతం, రాజస్థాన్‌లో 37, గుజరాత్‌లో 6, ఆంధ్రప్రదేశ్‌లోని కృష్ణా జిల్లాలో 5 శాతం. కృష్ణా అప్పట్లో దేశానికి ఆదర్శమని చూపించిన జిల్లా. ఆదర్శమే అనుకుందాం. ఆ 5 శాతం వైఫల్యం ప్రతి నెలా ఒక్కొక్కరికి వంతులవారీగా పంచుకున్నట్టు వస్తే ఎవరైనా సర్దుకుంటారు. కానీ అది అలా పంచబడదు. వేళ్లు అరిగినవాళ్ల దగ్గరకే, ఒంటరి ముసలివాళ్ల దగ్గరకే నెలనెలా తిరిగి తిరిగి వస్తుంది. మధ్యతరగతి ఉద్యోగి వేలు ఫోన్ మీద మొదటిసారికే పడుతుంది కాబట్టి ఈ బాధ పైనున్నవాళ్లకు అనుభవంలోకి రాదు.

2018 మార్చిలో సుప్రీంకోర్టు ముందు ఆధార్ సంస్థ అధిపతి స్వయంగా చెప్పిన లెక్క ప్రకారం ప్రభుత్వ సేవల్లో ధ్రువీకరణ సఫలమైంది 88 శాతమే. బ్యాంకుల్లో 95, టెలికాంలో 97. ధ్రువీకరణ కాలేదంటే సేవ నిరాకరించినట్టు కాదని ఆ సంస్థ వివరణ. కాగితం మీద ఆ మాట సబబే. 2017 అక్టోబరు 24న ఆ సంస్థే ఒక ఉత్తర్వు ఇచ్చింది. వేలిముద్ర పడకపోతే కనుపాప చూడాలి, ఫోన్‌కు ఓటీపీ పంపాలి, అదీ కాకపోతే కార్డులు చూసి, రిజిస్టరులో రాసుకుని సరుకులు ఇవ్వాలి. మరి డీలరు ఎందుకివ్వడు? యంత్రంలో నమోదుకాని బియ్యానికి లెక్క అడిగితే చెప్పుకోవాల్సింది అతనే కాబట్టి. రిజిస్టరు ప్రకారం ఇచ్చిన ప్రతి గింజా అతని మీద అనుమానంగా మారుతుంది. ఖాళీ సంచితో పంపిస్తే మాత్రం ఎవరూ అడగరు. నియమం దయగా ఉన్నా, దాన్ని పాటించినవాడికి శిక్ష, తప్పించుకున్నవాడికి నిశ్చింత ఉండేలా ఏర్పాటు చేసి పెట్టుకున్నాం.

ఇంకోలా చేయవచ్చని చూపించింది కూడా తెలుగు నేలే. ఆధార్ ఇంకా అన్నిచోట్లకూ రాకముందే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉపాధి హామీ కూలి, సామాజిక పింఛన్లకు స్మార్ట్‌కార్డులు తెచ్చింది. ఊళ్లోనే సేవాకేంద్రం ప్రతినిధి వేలిముద్ర చూసి డబ్బు చేతికిచ్చేది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు ఎనిమిది జిల్లాల్లో 150కి పైగా మండలాల్లో, దాదాపు 1.9 కోట్ల జనాభా మీద దీని ప్రభావాన్ని పరిశీలించారు. కూలి త్వరగా అందింది, మధ్యలో మాయమయ్యే డబ్బు తగ్గింది, పనికి వచ్చేవాళ్లు ఎవరూ దూరం కాలేదు, కూలీల్లో అత్యధికులు కొత్త పద్ధతే మేలన్నారు. ఆ అధ్యయనంలో అందరూ దాటేసే విషయం ఒకటుంది. స్మార్ట్‌కార్డు వచ్చిన మండలాల్లో కూడా చెల్లింపుల్లో దాదాపు సగం వేలిముద్ర ధ్రువీకరణ లేకుండానే జరిగాయి. కార్డు లేనివాళ్లకు, ముద్ర పడనివాళ్లకు డబ్బు ఆపమని ఆనాటి ప్రభుత్వం పట్టుబట్టలేదు. అయినా అవినీతి తగ్గింది.

అదే ఆర్థికవేత్తలు తర్వాత జార్ఖండ్ రేషన్‌ను పరిశీలించారు. అక్కడ ఆధార్ ధ్రువీకరణను తప్పనిసరి చేశారు. మొదటి దశలో దొంగతనం కొలవదగ్గంతగా తగ్గలేదు, లబ్ధిదారుల తిరుగుళ్లు పెరిగాయి, కార్డుకు ఆధార్ కలపని కుటుంబాలు నష్టపోయాయి. తర్వాత యంత్రం లెక్కల ఆధారంగా డీలర్లకిచ్చే బియ్యం కోశారు. అప్పుడు దొంగతనం తగ్గింది గానీ, ఆ కోతలో కొంత భాగం నిజమైన లబ్ధిదారుల నోటి కాడిదే. రెండు చోట్లా సాంకేతికత దాదాపు ఒకటే, తేడా వచ్చింది యంత్రం కాదన్నప్పుడు మనిషికి ఏమివ్వాలన్న దగ్గర. ఇంత విలువైన అనుభవం మన దగ్గరే ఉండగా, జార్ఖండ్ దారినే దేశమంతా పరిచారు. ఉపాధి కూలికి 2024 జనవరి 1 నుంచి ఆధార్ ఆధారిత చెల్లింపు తప్పనిసరి చేశారు. 2025 జులై నుంచి అంగన్‌వాడీలో ఇంటికిచ్చే పోషకాహారానికి గర్భిణులు, బాలింతలు ముఖం చూపించాలంటున్నారు. కడుపులో బిడ్డకు అందాల్సిన తిండికి, ఫోన్ సిగ్నల్‌కు, ముఖం మీద పడే వెలుతురుకు ముడిపెట్టడం నాకు మింగుడుపడదు.

దొంగల విషయానికొద్దాం, ఎందుకంటే ఈ వ్యవస్థను సమర్థించేవాళ్ల ప్రధాన వాదన దొంగలే. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్‌కార్డుల వ్యాపారి దొరికాడు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేలా పెట్టిన దస్తావేజుల్లోంచి వేలిముద్రలు, ఆధార్ నంబర్లు తీసుకుని, రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో నకిలీ వేళ్లు తయారు చేసి, వేల సిమ్‌లను చలామణీలో పెట్టాడు. ఆ తర్వాతి ఏళ్లలో ఇదే కిటుకుతో ఊరి బ్యాంకింగ్ ప్రతినిధుల దగ్గర వాడే ఆధార్ చెల్లింపుల పద్ధతి ద్వారా మనుషుల ఖాతాలు ఖాళీ చేసిన ముఠాలు సైబరాబాద్‌లోనూ, ఇతర రాష్ట్రాల్లోనూ బయటపడ్డాయి. హెర్షెల్ మోసాన్ని ఆపడానికి దస్తావేజు మీద వేయించిన ముద్రే మోసానికి ముడిసరుకైంది.

పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. వేలు పోతే? ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ తాళం వేసుకునే వీలుంది, 2023 నుంచి స్కానర్ ముందున్నది సజీవమైన వేలా కాదా అని చూసే పరీక్ష కూడా జోడించారు. మంచివే. కానీ తాళం సంగతి తెలిసినవాళ్లు స్మార్ట్‌ఫోన్, చదువు ఉన్నవాళ్లు. డబ్బు పోయిన తర్వాత బ్యాంకు చుట్టూ తిరుగుతూ ‘ఆ వేలు నాది కాదు’ అని నిరూపించుకోవాల్సి వచ్చేది మిగతావాళ్లకు. మన ఫోన్‌లో వేలిముద్ర ఆ ఫోన్ చిప్‌లోనే భద్రంగా ఉంటుంది, కంపెనీ సర్వర్‌కు పోదు. పడకపోతే పిన్ నొక్కి తెరుచుకుంటాం. ఖరీదైన ఫోన్ కొన్నవాడికి ఇచ్చిన ఈ రెండు రక్షణలు రేషన్ కార్డున్నవాడికి ఎందుకుండకూడదు?

ముఖ గుర్తింపుతో ఇంకో ప్రమాదం ఉంది. వేలు మనం పెడితేనే పడుతుంది, ముఖాన్ని మనకు తెలియకుండానే తీసుకోవచ్చు. పైగా ‘ఈమె తాను చెప్పుకున్న మనిషేనా’ అని ఒకరితో ఒకరిని పోల్చడం వేరు, ‘ఈ గుంపులో ఎవరెవరున్నారు’ అని లక్షల ఫొటోల్లో వెతకడం వేరు. రెండోదాంట్లో తప్పు జరిగే అవకాశం ఎన్నో రెట్లు పెరుగుతుంది. తప్పిపోయిన పిల్లలను వెతకడానికి వాడుతున్న వ్యవస్థ కచ్చితత్వం 2 శాతమేనని ఢిల్లీ పోలీసులే 2018లో హైకోర్టుకు చెప్పారు. హైదరాబాద్ పోలీసులు 2018 నుంచి ముఖ గుర్తింపు వాడుతున్నారు. 2021 లాక్‌డౌన్‌లో వీధిలో ఆపి, మాస్క్ తీయించి ఫొటో తీశారంటూ ఒక సామాజిక కార్యకర్త తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. చట్టాల వైపు చూస్తే ధైర్యం కలగదు. 2022 నాటి నేర ప్రక్రియ గుర్తింపు చట్టం సేకరించిన కొలతలను 75 ఏళ్లు దాచుకోనిస్తుంది. 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం వేలిముద్రను, కనుపాపను ఫోన్ నంబరుతో సమానంగా చూస్తుంది, వాటికి ప్రత్యేక రక్షణేమీ ఇవ్వలేదు. ఐరోపా చట్టాలు బయోమెట్రిక్ వివరాలను వేరే తరగతిలో పెట్టి ఎక్కువ కాపు కాస్తాయి.

ఏం చేయాలో కనుక్కోవడానికి ఐరోపా దాకా పోనక్కర్లేదు. 2020 జనవరి మున్సిపల్ ఎన్నికల్లో కొంపల్లిలోని పది పోలింగ్ కేంద్రాల్లో ఓటర్లను ముఖ గుర్తింపుతో పరీక్షించి చూశారు. అప్పుడు తెలంగాణ రాష్ట్ర ఎన్నికల సంఘం ఒక హామీ ఇచ్చింది. యంత్రం గుర్తించకపోయినా ఓటు నిరాకరించబోమని, మామూలు పద్ధతిలో సరిచూసి ఓటు వేయిస్తామని. ఓటు విషయంలో ఇంత సహజంగా తోచిన మాట బియ్యం విషయంలో ఎందుకు తోచదు? ఆధార్ చట్టం ఏడో సెక్షన్‌లో ఆధార్ నంబరు కేటాయించనివాళ్లకు ప్రత్యామ్నాయ గుర్తింపు చూపాలని ఉంది. నంబరుండీ ముద్ర పడనివాళ్ల ప్రస్తావన ఆ మినహాయింపులో లేదు, వాళ్లను ఉత్తర్వుల దయకు వదిలేశారు. ఆ ఒక్క వాక్యాన్ని పార్లమెంటు సవరించాలి. అప్పుడు కార్డు చూసి బియ్యమిచ్చిన డీలరు చట్టాన్ని పాటించినవాడవుతాడు, సంజాయిషీ చెప్పుకోవాల్సిన అవసరం అతనికి ఉండదు.

సవరణ వచ్చేదాకా రాష్ట్రాలు చేతులు కట్టుకు కూర్చోనవసరం లేదు. ఆహార భద్రత చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం హక్కుగా రావాల్సిన ధాన్యం అందకపోతే రాష్ట్ర ప్రభుత్వం ఆహార భద్రత భత్యం చెల్లించాలి. ముద్ర పడక వెనుదిరిగిన ప్రతి కార్డుకు ఆ భత్యం లెక్కగట్టి ఇవ్వడం మొదలుపెడితే, స్కానర్ల నాణ్యత మీద, హద్దు ఎక్కడ పెట్టాలన్న దాని మీద ఆర్థిక శాఖే శ్రద్ధ పెడుతుంది. రెండు తెలుగు రాష్ట్రాలూ ఏ దుకాణంలో ఎన్ని లావాదేవీలు జరిగాయో ఈ-పోస్ వెబ్‌సైట్లలో ఇప్పటికే పెడుతున్నాయి. విఫలమైన ప్రయత్నాలు ఎన్ని, అందులో ఆ నెలాఖరు దాకా సరుకులే తీసుకోనివాళ్లు ఎందరు అన్నది కూడా దుకాణం వారీగా అక్కడే పెట్టాలి. ఉపాధి పనుల లెక్కలను ఊరి ముందు చదివి వినిపించే సామాజిక తనిఖీకి ఉమ్మడి రాష్ట్రం 2009లోనే ప్రత్యేక సంస్థను పెట్టింది. ఆ సిబ్బంది చేతికి ఈ జాబితా ఇచ్చి, వరసగా రెండు నెలలు బియ్యం తీసుకోని ప్రతి ఇంటికీ వెళ్లి కారణం రాసుకుని రమ్మని పంపాలి.